ఆ నవలలో మావాళ్ళు

నా చిన్నప్పుడు సముద్రం ఒడ్డున మా చేపలవాళ్ళ పాళెంలో ఇంగ్లీషు వచ్చింది పక్కింటి అక్క ఒక్కదానికే. కావలి కాలేజీలో చదివేది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మేము గంగమ్మకు మొక్కేవాళ్ళం. కూర గిన్నెలు మాత్రం గోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

ఐదో తరగతి అయ్యాక నాకు చదువు చాలన్నాడు నాయన. చేపల తట్ట ఎత్తుకునేదానికి ఇంగ్లీషెందుకన్నాడు. రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, అక్క తప్ప.

వేటకు పోని రోజున నాయన పాకలో వల బాగుచేసుకుంటుంటే, అక్క ఒక పాత నవల తెచ్చుకుని మా దగ్గర కూర్చుంది. తెల్లవాళ్ళ కాలంలో మనవాడే ఇంగ్లీషులో రాశాడట, మన దేశమంటే ఏమిటో లోకానికి చెప్పడానికి. చదువుతూ తెలుగులో చెప్పసాగింది. కొంతసేపటికి నాయన తలెత్తకుండానే అడిగాడు.

"మావోళ్ళుండారా పాపా అందులో?"

అక్క పేజీ తిప్పి, ఉన్నారంది. ఉప్పు వండడానికి వచ్చిన జనాన్ని పోలీసులు తరుముతుంటే, పడవలెక్కించి కాపాడింది చేపలవాళ్ళేనని చదివింది. నాయన లేచి వచ్చి ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించాడు. మన గురించి రాస్తే చదివేవాళ్ళు మనింట్లో ఉండొద్దా అన్నాడు. ఆ వారమే నన్ను బోగోలులో బడికి పంపాడు.

నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆ నవల నా చేతికొచ్చింది. అందులో దేశమంటే పెద్దింటి అబ్బాయిలు, వాళ్ళ ఉపన్యాసాలు. మావాళ్ళు ఒక్కచోట ఉన్నారు. ఉప్పు వండడానికి పోయే ఊరేగింపంతా చేపల పాళెం దాటుతూ ముక్కు మూసుకుంటుంది. చర్చికి పోయే అక్కలాంటివాళ్ళు దొరల వంటింట్లో ఒకసారి కనిపించి మాయమవుతారు. ఒళ్ళు మండిపోయింది. నేరుగా అక్క దగ్గరికి పోయి ఎందుకు అబద్ధం చెప్పావని నిలదీశాను.

"ఉండేది ఉన్నట్టు చదివుంటే మీ నాయన నిన్ను బడికి పంపించేవాడా?" అంది అక్క. ఆ పైన, "నేను చదివిన రోజు నాకెవురూ మార్చి చెప్పలేదు" అంది.

నాయన మాత్రం పాళెమంతా చెప్పుకుంటూనే ఉన్నాడు, ఇంగ్లీషు పుస్తకంలో మనవాళ్ళున్నారని. మంచాన పడ్డాక, నువ్వే చదివి వినిపించమని నన్నడిగాడు. పుస్తకం తెరిచి, అందులో లేనిదంతా చదివాను. ఇంకో రెండు పడవలు నేనూ కలిపాను. నాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అక్క కన్నా నువ్వే బాగా చదివినావమ్మా" అన్నాడు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేశాను. నా చదువును ఎవరెవరు మెచ్చుకున్నారో మరిచిపోయాను. ఈ ఒక్క మెప్పు మాత్రం, డెబ్బై దాటినా, ఇంకా మింగుడుపడదు.