సువార్తరాజు కలిపిన రంగు

కెనడాలోని ఒషావాలో మా తెలుగు ఫెలోషిప్ వాళ్లలో ఎవరింటికి వెళ్లినా గోడ మీద సువార్తరాజు గీసిన బొమ్మ ఒకటి ఉంటుంది. అది ఎవరి బొమ్మో పోల్చుకోవడమే కష్టం. కిందటేడు మా ఇంటికొచ్చిన ప్లంబర్ నా బొమ్మ చూసి "మీ సిస్టరా?" అని అడిగాడు. అవునన్నాను.

రాజుది పాలకొల్లు. పదిహేనో ఏట బోర్డులు రాసే లింగయ్య దగ్గర చేరి కొట్ల పేర్లు, చర్చి గోడల మీద వాక్యాలు, ఎలక్షన్లప్పుడు అభ్యర్థుల మొహాలు, ఆ పైన పోయినవాళ్ల పటాలు వేశాడు. లింగయ్య చెప్పిన మొదటి పాఠం రంగు గురించే. "నలుపైతే చామనఛాయ వెయ్యి, చామనఛాయైతే పసిమి వెయ్యి. నన్నెందుకు తెల్లగా వేశావని ఇంతవరకు ఒక్కడూ తిరిగి రాలేదు" అనేవాడు. ఆ పాఠం రాజు బుర్రలోంచి చేతిలోకి దిగి అక్కడే ఉండిపోయింది. తర్వాత ఊళ్లోకి ఫ్లెక్సీలొచ్చాయి, బ్రష్షులు ఎండిపోయాయి. భార్య బాలకుమారి నర్సు. ఆవిడకి కెనడాలో స్థిరపడడానికి పి.ఆర్. రాగానే వెనకాలే వచ్చి, కార్ల సీట్లు తయారుచేసే ప్లాంటులో చేరాడు. ఇక బొమ్మలంటే క్రిస్మస్ నాటకానికి తెర వెయ్యడమే.

కిందటి క్రిస్మస్‌కి ఆ తెర మీద బెత్లెహేము వేశాడు. మాతో చర్చి బిల్డింగు పంచుకునే ఇక్కడివాళ్లలో ఒక పెద్దాయన దాని ముందు చాలాసేపు నిలబడి, గాడిద కళ్లలో జీవం ఉందన్నాడు. ఆయన మాజీ సైనికుల హాలు కమిటీ మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరిన తొలితరం నల్లజాతి పైలట్ల గౌరవార్థం హాలు లోపలి గోడ మీద పెద్ద బొమ్మ వేయించాలని వాళ్లు అనుకుంటున్నారట. అలా ఆ గాడిద పుణ్యమా అని రాజుకి పని దొరికింది. గోడ కింద మూలన పేరు కూడా రాసుకోమన్నారు. పాలకొల్లులో అన్నేళ్లు పనిచేసినా అతనితో ఎవరూ అనని మాట అది.

గోడ మధ్యలో నిలబడాల్సిన మనిషి ఎల్వుడ్ డాసెట్, ఇదే ఊళ్లో పెరిగిన పైలట్. నలభై నిండకుండానే, రంగుల ఫోటోలు ఇళ్లలోకి రాకముందే పోయాడు. అప్పటికి కూతురు మావిస్‌కి పదకొండేళ్లు, ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఆవిడ దగ్గర మిగిలింది ఒకటే నలుపు తెలుపు ఫోటో, విమానం రెక్క పక్కన నవ్వుతూ. అది రాజు చేతిలో పెట్టి, "మా నాన్నని రంగుల్లో చూసి అరవై ఏడేళ్లయింది" అంది. బొమ్మ పూర్తయ్యాక ఒక శనివారం ఆవిష్కరణ, గోడకి కట్టిన తెర తీసేది ఆవిడే.

ఆరు వారాలు రాజు షిఫ్టు దిగి నేరుగా హాలుకే వెళ్లాడు. ఆవిష్కరణకి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం పని పూర్తయిందని భార్యనీ, కూతురు హోప్‌నీ తీసుకెళ్లి చూపించాడు. పులిహోర డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. విమానం బావుంది. యూనిఫాం మడతలు బావున్నాయి. నవ్వు ఫోటోలో ఉన్నట్టే ఉంది.

హోప్ తల పక్కకి వంచి చూసింది. "డాడీ, వై ఈజ్ కెన్నీ మామ ఇన్ ద ఎయిర్ ఫోర్స్?"

మిల్టన్‌లో ఉండే కెన్నీ బాలకుమారి తమ్ముడు. వారానికి రెండుసార్లు టొరంటో ట్రైను మిస్సవుతాడు.

"ముక్కు వేరే కదమ్మా" అన్నాడు రాజు.

"ముక్కు సంగతి ఎవరడిగారు" అంది బాలకుమారి. "రంగు చూడండి. అచ్చం మావాడే. లింగయ్య గారు ఇక్కడిదాకా వచ్చేశారా?"

రాజు చేతిలో బ్రష్ వంక చూశాడు, తప్పంతా దానిదే అన్నట్టు. వెనక ఆకాశంలో ఎగురుతున్న మిగతా పైలట్లకి మాస్కులు, కళ్లజోళ్లు ఉన్నాయి గనక వాళ్లు బతికిపోయారు.

"కాస్త ముదురు చేస్తే సరి" అన్నాను నేను డబ్బా మూత తీస్తూ.

"ఎంత ముదురు, వదినా? ఫోటోలో అంతా బూడిదరంగే."

"ఆవిణ్ణే అడుగు."

"ఏమని అడగను?" గొంతు సవరించుకుని ఇంగ్లీషులో వరస కట్టి చూశాడు. "మేడమ్, యువర్ ఫాదర్, హౌ మచ్..."

"అక్కడే ఆపండి" అంది బాలకుమారి. "ఆ మాట పూర్తి చేస్తే సిటిజన్‌షిప్ లాగేసుకుంటారు."

"జస్ట్ టెల్ హర్ ద ట్రూత్, డాడీ" అంది హోప్ పులిహోర నములుతూ.

శుక్రవారం పొద్దున రాజు సెలవు పెట్టి మావిస్‌కి ఫోన్ చేశాడు. బాలకుమారీ, నేనూ కూడా హాలుకి వెళ్లాం. మావిస్ చేతికర్రతో వచ్చింది. తెర తీశాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎవరీ అబ్బాయి? చూడ్డానికి బావున్నాడు" అంది. ఆవిడ ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెబుతున్నాను.

రాజు దాచకుండా చెప్పాడు. పాలకొల్లు, లింగయ్య, పోయినవాళ్ల పటాలు, అందర్నీ ఒక మెట్టు తెల్లగా వేసే అలవాటు. ఇంగ్లీషు ఆగినచోట బాలకుమారి అందుకోబోతే చేత్తో వద్దన్నాడు. అంతా విని మావిస్ నవ్వడం మొదలుపెట్టింది, కర్ర నేలకి తాటిస్తూ.

"ఈ రంగే ఉండుంటే మా నాన్నని ఎయిర్ ఫోర్స్‌లో మొదటిరోజే చేర్చుకునేవాళ్లు. రంగు చూసి రెండుసార్లు గుమ్మంలోంచే పంపేశారు. మూడోసారికి గానీ తీసుకోలేదు."

రాజు మొహం అప్పుడెలా ఉందో నేను రాయను.

"అయితే నేనూ పంపేశానన్నమాట" అన్నాడు, తెలుగులో.

బాలకుమారి అది ఆవిడకి చెప్పింది.

"ఫర్వాలేదు" అంది మావిస్. "ఆయనకి మళ్లీ రావడం అలవాటే." కుర్చీ లాక్కుని కూర్చుని, స్వెట్టర్ చెయ్యి పైకి మడిచింది. "మిగతా ఒళ్లంతా మా అమ్మది. ఇదిగో, మోచేతి దగ్గర మాత్రం నాది మా నాన్న రంగేనని అమ్మ అనేది. ఇది చూసి కలుపు."

రాజు మోకాళ్ల మీద కూర్చుని కలిపాడు. ముదురు గోధుమ, కొంచెం ఎరుపు, ఒక చుక్క నీలం. కలిపినప్పుడల్లా బ్రష్ మోచేతికి తాకించి చూసేవాడు. చెయ్యి మాత్రం పాత అలవాటు కొద్దీ తెల్లరంగు డబ్బా వైపే పోతోంది. రెండుసార్లు బాలకుమారి ఆ డబ్బా దూరంగా జరిపింది. మూడోసారి మూత పెట్టి దానిమీద తన హ్యాండ్‌బ్యాగ్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి బ్రష్ రంగూ మోచేతి రంగూ ఒకటయ్యాయి. మావిస్ నవ్వు ఆగిపోయింది.

"చాలు. ఇంక ఏమీ కలపకు" అంది.

ఆ రాత్రికల్లా రాజు గోడ మీద మొహం ఆ రంగుతో మళ్లీ వేశాడు. శనివారం హాలు నిండిపోయింది. తెర తీయడానికి మావిస్ చెయ్యెత్తితే మోచేతి మీద రంగు మరక అలాగే ఉంది, కడుక్కోలేదు. తెర జారాక ఆవిడ చప్పట్లు కొట్టలేదు. "హలో, డాడీ" అంది, సాయంత్రం ఆయన పనినుంచి ఇంటికొచ్చినట్టు. రాజు తన పేరు రాసుకున్న మూలకి అడ్డంగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చాక బాలకుమారి కోటు విప్పకుండానే హాల్లో గోడకున్న పటం దింపింది. అది పెళ్లయిన కొత్తలో రాజు వేసిన ఆవిడ బొమ్మే. పాలగ్లాసులా తెల్లగా ఉంది, ముక్కు అసలుదానికన్నా కోటేరులా ఉంది. బల్లమీద దాన్ని పడుకోబెట్టి, అప్పుడు కోటు విప్పి, చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది.

"కలపండి" అంది. "రంగు నాదే వెయ్యండి." రాజు కళ్లజోడు పెట్టుకుని బ్రష్ తీశాడో లేదో, ఆవిడ వేలెత్తింది. "ముక్కు జోలికి మాత్రం వెళ్లకండి. అది అలాగే ఉండనివ్వండి."