టీ డికాక్షన్ రంగు కొల్లేరు

మా డ్రాయింగు టీచరుగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను తాడేపల్లిగూడెంలో ఆఫీసుకి తయారవుతున్నాను. "అక్కా, అమ్మ తెల్లవారుజామున వెళ్ళిపోయిందక్కా, నిద్రలోనే" అంది. నేను అయ్యో అనలేదు, ఏడవలేదు. "అదేంటి, నిన్న సాయంత్రం నాతో మాట్లాడారే!" అని దబాయించాను, ఆ పిల్లేదో పొరపాటు పడి చెబుతున్నట్టు. "అవునక్కా, నాతోనూ మాట్లాడింది" అని ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు ఆఫీసు బ్యాగు పక్కన పడేసి ఏలూరు బండెక్కాను.

ఏలూరులో సమాధి కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచి ఒక పని అప్పగించింది. "వచ్చే శనివారం అమ్మ జ్ఞాపకార్థం ప్రార్థనకి ఆదరణ కూటం పెట్టుకున్నామక్కా. అమ్మ ఫోటో పక్కన అమ్మ వేసిన బొమ్మ ఒక్కటి పెట్టాలని ఉంది. ఏది పెట్టాలో మీరే చెప్పండి. మీకు తెలిసినట్టు అమ్మ బొమ్మలు నాకు తెలీవు" అంది. సరేనన్నాను. ఇంటికొచ్చాక గానీ ఆ పని బరువు అర్థం కాలేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, చర్చివాళ్ళు, బొమ్మలు వేసే స్నేహితులు అందరూ వస్తారు. వాళ్ళందరి ముందూ ఆవిడ చేతిని ఒకే ఒక్క కాగితం చూపించాలి. అది ఏ కాగితం? ఆవిడ బొమ్మల కథ తెలిసినవాళ్ళకి ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ కథే ఇక్కడ చెప్పుకుంటాను.

మాది అత్తిలి దగ్గర వ్యవసాయ కుటుంబం. ఏలూరులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల స్కూల్లో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. డ్రాయింగు పీరియడంటే లెక్కల టీచరు అప్పు తీసుకుని మళ్ళీ తిరిగివ్వని పీరియడని అందరికీ తెలిసిందే. మా టీచరుగారు మాత్రం ఇచ్చేవారు కాదు. క్లాసు గుమ్మంలో నిలబడి, చాలా మర్యాదగా, "ఏవండీ, ఇవాళ కుదరదండీ. పిల్లలు తడి కాగితం మీదున్నారండీ" అనేవారు. తడి కాగితం మీదుండడం అంటే ఏమిటో లెక్కల టీచరుకి తెలీదు, మాకూ అప్పటికి తెలీదు. కానీ ఆ మాటకి ఎవరైనా వెనక్కి తగ్గాల్సిందే.

మొదటిరోజే మా అందరి రంగుల పెట్టెల్లోంచి తెల్లరంగు తీసేసుకున్నారు. "తెలుపు పెట్టెలో లేదమ్మా, కాగితంలో ఉంది. మీరు పాడు చెయ్యకపోతే చాలు, అదే ఉంటుంది" అన్నారు. నాకు ఒళ్ళుమండింది. కొత్త పెట్టె, కొత్త ట్యూబు! తరవాత కొల్లేరు గూడబాతుల్ని, ఆ పెద్దముక్కు తెల్లపక్షుల్ని, వేయించినప్పుడు తెలిసింది. "పక్షిని వెయ్యకండి. పక్షి చుట్టూ ఉన్న నీళ్ళు వెయ్యండి" అన్నారు. నీళ్ళు వేస్తూ పోతే మధ్యలో మేము ముట్టుకోని చోట పక్షి తేలింది. క్లాసంతా ఒక్కసారి కేక పెట్టింది. ఆ తరవాత ట్యూబు తిరిగి అడగలేదు.

నీటిరంగులకి సంబంధించిన పుస్తకాలు చల్లటి దేశాలవాళ్ళు రాసుకున్నవని, అందులో చెప్పిన సమయాలు ఏలూరులో పనికిరావని ఆవిడ నమ్మకం. రోహిణి కార్తెలో బ్రష్ ఈ అంచునుంచి ఆ అంచుకి చేరేలోపే ఆకాశం ఎండిపోతుంది. అందుకని ఎండాకాలంలో కాగితం వెనకవైపు కూడా తడిపించేవారు. ముసురు పట్టిన రోజుల్లోనైతే ఉదయం వేసిన ఆకాశం సాయంత్రానికీ ఆరదు. ఆరిందో లేదో చూడడానికి వేలు పెట్టి పొడవనిచ్చేవారు కాదు. అరచెయ్యి తిరగేసి, పిల్లలకి జ్వరం చూసినట్టు చూడమనేవారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. సగం ఆరినచోట మళ్ళీ నీటి బ్రష్ పెడితే రంగు వెనక్కి తన్ని కాలీఫ్లవరు పువ్వులా మరక విచ్చుకుంటుంది. అలాంటి మరకలు నేను వేసినన్ని ఇంకెవరూ వేసి ఉండరు. నాకు ఓపిక తక్కువ. "రంగు పడ్డాక దాని పని దాన్ని చేసుకోనివ్వమ్మా. నువ్వు ఊరికే దాన్ని సతాయించకు" అని ఎన్నిసార్లు అన్నారో!

పచ్చరంగు పెట్టెలోంచి నేరుగా తీస్తే ఒప్పుకునేవారు కాదు. వరిచేను వెయ్యాలంటే ముందు పసుపు పరిచి, ఆరకముందే అక్కడక్కడా నీలం జార్చాలి. కొల్లేట్లో గుర్రపుడెక్క వెయ్యాలంటే తడి పచ్చదనం మీద వంటింట్లోంచి తెచ్చిన కళ్ళుప్పు చిలకరించాలి. ఉప్పు చుట్టూ ఉన్న రంగుని పీల్చుకుని, ఆరాక దులిపేస్తే ఆకుల గుంపులు వాటంతటవే కనబడతాయి. ఇంత తెలిసినావిడ ఒక్క విషయంలో మాత్రం మొండి. కాగితాన్ని చెక్కకి అంటించడానికి మైదాపిండి ఉడికించిన జిగురే వాడేవారు. దానికి బొద్దింకలు పట్టేవి. ఆవిడ పాత బొమ్మలన్నిటికీ అంచులు కొరికేసి ఉంటాయి. "టేపు వాడొచ్చు కదండీ" అంటే, "వాటికీ ఏదో ఒకటి ఉండాలిగా అమ్మా" అనేవారు.

నాకు ఉద్యోగం వచ్చాక రెండో శనివారాలు ఆవిడవే. పాసింజర్ పట్టుకుని ఏలూరు వెళ్ళి, అక్కణ్ణించి టీచరుగారు, వాళ్ళాయన, నేను బస్సులో కొల్లేటి లంకల వైపు వెళ్ళేవాళ్ళం. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నేను బాబాయిగారు అనేదాన్ని. మడతకుర్చీ, గొడుగు, క్యారేజీ ఆయన చేతిలో. బ్రష్ కడిగే డబ్బా, రంగు కలిపే డబ్బా వేరువేరుగా ఉండాలని టీచరుగారి పట్టుదల. ఆ రెండు డబ్బాల్లో నీళ్ళు మార్చే ఉద్యోగం బాబాయిగారిది. ఆ పని అయిపోతే కూర్చోలేరు మనిషి. గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళి చేపల చెరువుల కాపలావాళ్ళందరినీ పలకరించి వచ్చేవారు. "మీ బాబాయిగారు చెట్టులా ఒకచోట ఉంటే ఎప్పుడో వేసేదాన్నే" అని టీచరుగారు నవ్వేవారు. చివరికి ఒకసారి వేశారు. ఆ మరుసటి వానాకాలంలోనే బాబాయిగారు గుండెనొప్పితో పోయారు.

టీచరుగారి బొమ్మల్లో రంగు మారడం నేను గమనించింది ఆయన బొమ్మ వెయ్యడానికి కొంచెం ముందే. తేటగా ఉండే నీళ్ళు మురుగ్గా అవుతూ వచ్చాయి. పలచటి పూత మీద ఇంకో పూత, దాని మీద ఇంకోటి. పొద్దుటిపూట కొల్లేరు టీ డికాక్షన్ రంగులోకి దిగిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "బావుందండీ, చాలా బావుందండీ" అనేవారు. మన గోదావరి జిల్లాలవాళ్ళ మర్యాద ఎరుగుదురు కదా! ఇల్లు కాలుతున్నా "ఏవండీ, ఏమీ అనుకోకండేం" అని మొదలుపెట్టి చెప్పే మనుషులం. బాబాయిగారు పోయాక మరీ ఎవరూ నోరెత్తలేదు. పాపం, ఒంటరి మనిషి, ఆ రంగులతోనే కదా కాలక్షేపం అనుకున్నారు. నా నోరు మాత్రం నేను పుట్టిన ఊరి నోరు కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఒక శనివారం ఆవిడ కొత్త బొమ్మ చూపిస్తే, "టీచరుగారూ, నీళ్ళు నీళ్ళలా లేవండీ. టీ డికాక్షన్‌లా ఉన్నాయండీ" అనేశాను.

ఆవిడ కాసేపు బొమ్మని చూసి, "కొల్లేరు చూడ్డం నీకు నేనే నేర్పాను కదమ్మా" అన్నారు. గొంతు పెంచలేదు. కాఫీ ఇచ్చారు. బొమ్మ గోడవైపు తిప్పి పెట్టేశారు. తరవాతి నెల రమ్మని పిలవలేదు. ఆ పై నెలా లేదు. నేను చెప్పింది నిజమే, అయినా నిజం చెప్పి ఆవిణ్ణి పోగొట్టుకున్నానని భయం వేసింది. భీమడోలు మీదుగా ఏలూరు వైపు పోయే బండి చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

మళ్ళీ ఆవిడ దగ్గర్నించి ఫోన్ వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. వీడియోకాల్లో వాళ్ళమ్మాయి నవ్విందట, "అమ్మా, నేవీబ్లూ చీర మీదకి నల్లజాకెట్టేంటే?" అని. ఆవిడ జతే అనుకుని కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చారు. చర్చిలో కూడా ఎవరూ ఏమీ అనలేదు, మర్యాద! "చీర తెచ్చి కిటికీ దగ్గర పెట్టి చూశానమ్మా. నాకు రెండూ ఒకటే రంగు. నువ్వు డికాక్షనన్నావు చూడు, అది నిజమే అయ్యుంటుంది. కళ్ళ డాక్టరు దగ్గరికి తోడొస్తావా?" అన్నారు. మర్నాడే సెలవు పెట్టి వెళ్ళాను.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు డాక్టరు. శుక్లం ముదిరితే తెలుపు పసుపుగా కనబడుతుందట, లేత నీలాలు అసలు ఆనవట. వేసిన పూత కనబడక దాని మీద మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ పోయారన్నమాట. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు ఆవిడ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, చిన్నపిల్లలా గోడ చూసుకున్నారు. "ఈ కంటికి సున్నం, ఆ కంటికి నెయ్యి" అన్నారు. కిటికీలోంచి బయటికి చూసి, "ఏమ్మాయ్, లోకంలో ఇంత నీలం ఉందా!" అని నవ్వారు. రెండో కన్ను కూడా బాగయ్యాక బొమ్మలన్నీ దింపమన్నారు. అప్పుడు నవ్వలేదు. ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టారు. "ఇన్నేళ్ళూ బావుందండీ, బావుందండీ అన్నారు. నా బొమ్మకి జ్వరం వస్తే నువ్వు తప్ప ఒక్కళ్ళైనా చెయ్యేసి చూడలేదు" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

"పద, కడిగేద్దాం" అని ఆవిడే లేచారు. వద్దన్నాను. "మంచి కాగితం అమ్మా, బొమ్మ పాడైంది గానీ కాగితం పాడవలేదు" అన్నారు. పెరట్లో సిమెంటు గోలెంలో నీళ్ళు నింపాం. బొమ్మని నీళ్ళలో నానబెట్టి, మెత్తటి స్పాంజితో రుద్దకుండా అద్దుతూ పోతే రంగు వదులుతుంది. పూత మీద పూతగా పేరుకున్న సాయంత్రాలు, లంకలు, దోనెలు గోలెంలోకి దిగాయి. నీళ్ళు చిక్కబడితే పారబోసి మళ్ళీ నింపాను. కడిగినవి బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాం. కొన్ని రంగులు ఎంత కడిగినా పూర్తిగా పోవు. లేత మరక మిగులుతుంది. "దీని మీదే మళ్ళీ వేస్తాను" అన్నారు.

అడుగున ఒక బొమ్మ మిగిలింది. బాబాయిగారిది. అదీ డికాక్షనే, అన్నిటికంటే చిక్కటి డికాక్షన్. నేను అలవాటుగా దాన్ని నీళ్ళలోకి దించబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

"అది వద్దు."

"రంగులు ఇందులోనూ తప్పే కదండీ" అన్నాను. నా నోటి సంగతి చెప్పాను కదా.

"తప్పేనమ్మా. కానీ ఈ కొత్త కళ్ళు ఆయన్ని చూడలేదు. నేను చివర్లో ఆయన్ని చూసింది ఈ రంగులోనే. ఇది కడిగేస్తే నాకు ఆయన ఎక్కణ్ణించి వస్తారు?"

చీర కొంగుతో దాని అంచు తుడుచుకుని లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆవిడ ఉండగా మళ్ళీ అది నా కంటపడలేదు.

ఆ తరవాత ఆవిడ వేసిన బొమ్మలు చూసినవాళ్ళు అదృష్టవంతులు. కడిగిన కాగితాల మీద మళ్ళీ కొల్లేరు పుట్టింది. కాగితం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండే నీళ్ళు, మబ్బు నీడలో గూడబాతుల వరస. ఇంత వయసులో ఇంత తేటగా ఎలా వేస్తున్నారని అడిగితే, "కనబడుతోందమ్మా, అంతే" అనేవారు. అందుకే కూటానికి బొమ్మ ఎంచమన్నప్పుడు నేను గూడబాతుల బొమ్మ తీసుకున్నాను. అద్దం వేయించాను కూడా. మా టీచరుగారి చెయ్యి ఇదీ అని పదిమందికీ తెలియాలి. ఆవిడ పేరు నిలబడాలి. అంతకంటే నాకేం కావాలి?

శనివారం పొద్దున్నే వెళ్ళాను. షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. వాళ్ళమ్మాయి లోపల అమ్మ బీరువా తెరిచి కూర్చుని ఉంది. చీరల మడతల మధ్యలోంచి ఒక కాగితం తీసి నాకు చూపించింది. "ఇదేంటక్కా, నాన్న బొమ్మ. ఇలా మసకగా ఉంది. అన్నీ కడిగేశామన్నారు కదా, అమ్మ దీన్ని మర్చిపోయిందా?"

మర్చిపోలేదని చెప్పాను. గోలెం దగ్గర ఆవిడ అన్న మాటలు అన్నట్టుగానే చెప్పాను. ఆ అమ్మాయి కాగితం నలక్కుండా రెండు చేతులా పట్టుకుని లేచింది. తరవాత బయటికి వెళ్ళి, ఫోటో పక్కన కుర్చీలో నేను పెట్టిన గూడబాతుల్ని తీసి నా చేతికిచ్చి, ఆ చోట వాళ్ళ నాన్నని నిలబెట్టింది. నేను అడ్డు చెప్పలేదు. గూడబాతుల్ని లోపలికి తీసుకెళ్ళి బీరువాకి ఆనించాను.

జనం వచ్చారు, పాటలు పాడారు, ప్రార్థన అయింది. బొమ్మలు తెలిసిన పెద్దమనిషి ఒకాయన నా పక్కకి వంగి, "ఏవండీ, ఏమీ అనుకోకండి, ఇంతకంటే మంచివి వేశారు కదండీ ఆవిడ?" అన్నారు. "వేశారండీ" అన్నాను. ఆ బొమ్మవైపే చూస్తూ కూర్చున్నాను. చిక్కటి గోధుమరంగు నీళ్ళు, గోధుమరంగు ఆకాశం, మధ్యన సన్నటి గట్టు. గట్టు మీద బాబాయిగారు చెప్పులు చేత్తో పట్టుకుని చాలా ముందుకి నడిచి వెళ్ళిపోయి, అక్కడ ఆగి, ఇంకా రావేం అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తున్నారు.