కోత లేని మందు

2023. బరంపురంలో ఒక ఆసుపత్రి రేడియోథెరపీ విభాగంలో టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరు గీసిన చోటే కిరణాలు పడేలా రోగిని పడుకోబెట్టి యంత్రం నడపడం నా ఉద్యోగం. ఆ చలికాలం ఆదివారాలు మేం కొందరం గోపాలపూర్ ఒడ్డున బల్ల వేసుకుని క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు అడిగేవాళ్ళం. నాకు మాటకారితనం ఎక్కువ. జనం నా దగ్గరే ఆగేవారు. అందుకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక సాయంత్రం సోనేపూర్ నుంచి చెల్లెలి ఇంటికి వచ్చిన కాంతమ్మ అనే ఆవిడ, మా బ్యానరు మీది ఒడియా మాట చూపించి అడిగింది.

"గవేషణంటే ఏటి బాబూ?"

"కొత్త మందు కనిపెట్టడమమ్మా. కోత లేకుండా తగ్గిపోయే మందు."

వెనక జనం తోసుకుంటున్నారు. అంతకుమించి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఆవిడ కొంగుముడి విప్పి, ఉన్నది డబ్బాలో వేసి వెళ్ళింది.

ఎండలు ముదిరాక అదే మనిషి మా ఆసుపత్రి వరండాలో కనబడింది. పక్కన భర్త అప్పన్న, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"ఆ మందొచ్చిందేటి బాబూ?"

"ఏ మందు?" అన్నాను. అప్పటికే గుర్తొచ్చింది.

"కోత లేకండా తగ్గుద్దన్నావే. అప్పుడు డాట్రు బుగ్గ కొయ్యాలన్నాడని మా ఆయన బయపడిపోనాడు. అదొచ్చీదాకా ఆగుదావన్నాడు."

"ఎవరు చెప్పారమ్మా అలా?"

"నువ్వే కదా."

పని బట్టల్లో ఉన్నాను కాబట్టి అది నేను కాదంటే నమ్ముతుందేమో అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. వాళ్ళ పక్కన కూర్చుని ఉన్నమాట చెప్పాను. ఆ మందు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలీదు, అసలు వస్తుందో రాదో కూడా తెలీదు అన్నాను. కాంతమ్మ కోప్పడలేదు.

"ఈ మాట ఆ దినమే సెప్తే ఏటయ్యేది?" అంది.

అప్పన్నకి బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, చలికాలానికి ముందే అయింది. బుగ్గ లోపలి పుండు క్యాన్సరేనని అప్పుడే తేలింది. ఇప్పుడది ఎముకదాకా పోయింది. సర్జను దగ్గరికి నేనే తీసుకెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కొత్త స్కాన్ ఫిల్ము దీపానికి ఎత్తి చూశాడు. "అప్పుడే వచ్చుంటే ఎముక దక్కేదేమో" అన్నాడు. నా వైపు చూడలేదు.

ఆపరేషన్‌లో ఒకవైపు దవడ తీసేశారు. గాయం మానాక రేడియేషన్‌కి నా దగ్గరికే పంపారు. తల కదలకుండా ఉండడానికి ముఖానికి మాస్క్ చేస్తాం. జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి, చల్లారి గట్టిపడేదాకా అరచేతులతో అదిమి పట్టుకోవాలి. లోపలికి పోయిన ఆ బుగ్గ మీద నా చెయ్యి ఆనించాల్సి వచ్చింది.

"కళ్ళు మూసుకో అప్పన్నా" అన్నాను.

మూసుకోలేదు. ఆ చిల్లుల్లోంచి నన్నే చూస్తూ పడుకున్నాడు.

చికిత్స ముగిసిన రోజు కాంతమ్మను క్షమించమని అడిగాను.

"నువ్వు అబద్దవాడినావని నేనన్ను బాబూ. అది ఎంత దూరవో సెప్పలేదు, అంతే."

మరుసటి చలికాలం బల్ల దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. అయినా వెళ్ళాను. ఇప్పుడు డబ్బా చూపించే ముందే చెబుతాను: "ఇది ఎప్పటికో, ఎవరికో పనికొచ్చే డబ్బు. మీ ఇంట్లో ఎవరికైనా మానని పుండుంటే దీనికోసం ఆగకండి, రేపే ఆసుపత్రికి తీసుకురండి." కొందరు తీసిన నోటు తిరిగి జేబులో పెట్టుకుంటారు. నేను ఆపను.

అప్పన్న చెకప్‌కి వస్తూనే ఉన్నాడు. గంజి, మెత్తగా పిసికిన అన్నం తింటున్నాడట. మాట ముద్దముద్దగా వస్తుంది, డాక్టరుకు కాంతమ్మ విప్పి చెబుతుంది. నేను ఎదురుపడి "బాగున్నావా" అంటే మాత్రం ఆ ముద్దమాట కూడా ఉండదు. తువ్వాలు సర్దుకుని ముందుకు నడుస్తాడు.