జీడి పెట్టింది మా అవ్వ, నింద పడింది టీకాకి

ఒక్క నోటితో ఒక గల్లీ మొత్తాన్ని టీకా సూదికి దూరం చేయడం సాధ్యమేనా అని మీకెప్పుడైనా అనుమానం వస్తే, సాధ్యమే. నేను చేశాను. అది కూడా డిగ్రీలో జంతుశాస్త్రం చదివి, మూఢనమ్మకాల మీద దొరికిన వాళ్ళకల్లా ఉపన్యాసాలు దంచుతూ చేశాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక కాస్త తిట్టుకోండి. అదీ న్యాయమే.

బోధన్‌లో మా గల్లీలో కరోనా టీకా రెండో డోసు వేయించుకున్న మర్నాడు నాకు జ్వరం వచ్చింది, సూది వేసిన చోట గడ్డ కట్టింది. ఒకట్రెండు రోజులు ఇలా ఉంటుందని, మాత్ర వేసుకుని పడుకోమని నర్సమ్మ ముందే చెప్పింది. పడుకున్నాను. కానీ నన్ను చూసుకోవడానికి చందూర్ నుంచి మా అవ్వ దిగింది.

"గడ్డ సూడు బిడ్డా, ఎట్ల గట్టిపడ్డదో. ఎవరి కండ్లో పడ్డయి. జీడి పెడ్త, ఆగు."

"అవ్వా, నేను డిగ్రీ చదివిన."

"చదివినోళ్ళకే దిష్టి ఎక్కువ తాకుతది."

వాదనలో నన్ను ఓడించగలిగేది ఈ భూమ్మీద మా అవ్వ ఒక్కతే. పైగా నాకు జ్వరం. సూది కాల్చి నల్లజీడి గింజలో గుచ్చి, దాని మొనకు అంటిన నల్లటి రసంతో నా చేతి మీద గీతలు గీసింది. దిష్టికీ, వాపుకీ, బెణుకుకీ మా వైపు పెద్దవాళ్ళకు ఇదే మందు. ఆ రసం కొందరి చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ కొందరిలో నేనూ ఒకదాన్నని తెల్లారాక తెలిసింది. చెయ్యి నిప్పుల మీద కాల్చిన వంకాయలా నల్లబడి, దాని మీద కాగే నూనెలో పూరీల్లా బొబ్బలు పొంగాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి రఫియా ఆపా గిన్నెలో షోర్బా పట్టుకుని లోపలికొచ్చింది. ఆపా బట్టలు కుడుతుంది. నాకు సొంత అక్కకంటే ఎక్కువ.

"యా అల్లా! సరళా, గిదేందే? చెయ్యికేమైంది?"

రెండక్షరాల మాట. జీడి. చెప్పేస్తే అయిపోయేది. కానీ పోయిన వారమే, మనవడి మెడలో ఆపా తావీజు, అదే తాయెత్తు, కట్టిందని, "ఈ కాలంల గూడ ఇవేంది ఆపా!" అని ఆమెకు పెద్ద క్లాసు పీకి ఉన్నాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

"టీకా పడలే ఆపా," అన్నాను. "అలర్జీ."

అంతే. మధ్యాహ్నానికి గల్లీ అంతా నా చెయ్యి చూడ్డానికి వచ్చింది. ఎగ్జిబిషన్‌కైనా అంత జనం రారు. చూసే కళ్ళు పెరిగేకొద్దీ నా కథ కూడా పెరిగింది. ముందు ఉత్త అలర్జీ, తర్వాత భయంకరమైన అలర్జీ, సాయంత్రానికి "పానం పోయేది, కొద్దిల తప్పింది." ఎవరో ఫోటో తీసి గల్లీ గ్రూపులో పెట్టారు. నోరు విప్పితే చందూర్ బస్సెక్కిస్తానని మా అవ్వను బెదిరించాను. చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. అబద్ధం మాత్రం దిట్టంగా పెరిగింది.

ఆ తర్వాత బూస్టరు వచ్చింది. ఆపాకు ఉబ్బసం. ఆమె తప్పకుండా వేయించుకోవాలని డాక్టరు మరీ మరీ చెప్పాడట.

"నేను ఏస్కోను," అంది ఆపా. "నీ చెయ్యి ఇంకా నా కండ్లల్లనే ఉన్నది. నీయసొంటి గట్టిదానికే గట్లయితే, నేను బతుకుతనా?"

ఊళ్ళో మళ్ళీ దగ్గులు, జ్వరాలు మొదలయ్యాయి. ఓ రోజు నేను వెళ్ళేసరికి ఆపా కుట్టుమిషన్ మీద తల ఆనించి, ఊపిరి అందక, నన్ను చూసి మాట రాక చెయ్యి మాత్రం ఊపింది. కనీసం ఆ క్షణంలోనైనా నిజం చెప్పాలి కదా? మనిషన్నది చెబుతుంది. నేను చెప్పలేదు. నా పరువు, ఆపా ప్రాణం రెండూ నిలబడే ఉపాయం ఒకటి ఆలోచించాను.

"ఆపా, నేను ఏస్కున్న టీకా వేడి చేస్తది. ఇంకోటున్నదట, సల్లటిది. అది ఏయించుకుందాం."

టీకాల్లో వేడి చేసేవి, చలవ చేసేవి ఉంటాయని ఏ జంతుశాస్త్రంలో రాసి ఉందో దయచేసి అడగకండి. అవి టీకాలు, మామిడిపండ్లు కావు. నాకు తెలుసు.

ఆస్పత్రిలో వరుస పెద్దదే. టేబుల్ దగ్గర చిన్న వయసు డాక్టరమ్మ.

"ఈమెకు వేరే టీకా కావాలె మేడం," అన్నాను దబాయింపుగా.

"ముందు రెండు డోసులు పడ్డాయి కదా. ఇప్పుడేమైంది?"

"ఈమెకు కాదు, నాకు పడలే." ఫోన్ తీసి ఫోటో చూపించాను.

డాక్టరమ్మ ముఖం మారింది. "సూది వేసినంక ఎంతసేపటికి వచ్చింది? మొకం, పెదవులు ఉబ్బినయా? ఊపిరి ఆడలేదా?"

వరుసలో అందరూ వింటున్నారు. ఇంతకాలం చెప్పిన కథకు న్యాయం చేయాలి కదా.

"కొంచెం... ఆడలే."

"అయితే మామూలు విషయం కాదమ్మా. అసలైన అలర్జీ ప్రాణం మీదికి తెస్తది. మీకు ఈ టీకా ఇయ్యద్దు. నేను పైకి రాయాలి, మీరు పెద్దాస్పత్రిల చూపించుకోవాలి."

ఆపా లేచి నిలబడింది. బుర్ఖా సర్దుకుంది. "సూసినవా? డాక్టరమ్మకే భయమైంది. నాకు వేడిదీ వద్దు, సల్లదీ వద్దు." గేటు వైపు నడిచింది. ఆమె ఛాతీలోంచి వచ్చే పిల్లికూత నాకు టేబుల్ దగ్గరికి వినిపిస్తోంది.

"ఆపా, ఆగు!" అని అరిచాను. "టీకా కాదు! జీడి!"

వరుస మొత్తం నా వైపు తిరిగింది.

"జీడా?" అంది డాక్టరమ్మ.

"నల్లజీడి. దిష్టికి మా అవ్వ పెట్టింది. నేనే చెయ్యి సాపిన."

"మరి ఊపిరి?"

"మంచిగనే ఆడింది."

వరుస చివరి నుంచి ఒకాయన కేకేశాడు: "జర గట్టిగ చెప్పమ్మా, ఎనకున్నోళ్ళకు ఇనవడ్తలేదు!"

చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఇంకేం మిగిలింది దాచడానికి? డాక్టరమ్మ కాసేపు తల వంచుకుని కాగితాలు సర్దింది, ఆమె భుజాలు మాత్రం అదురుతూనే ఉన్నాయి. తర్వాత ఆపాను కూర్చోబెట్టి, ఊపిరి పరీక్షించి, నెమ్మదిగా చెప్పింది: జ్వరం, చెయ్యి నొప్పి మామూలేనని, అవి తగ్గిపోతాయని, అసలైన అలర్జీ చాలా అరుదని, అది ఎక్కువగా సూది వేసిన కొద్దిసేపట్లోనే బయటపడుతుందని, అందుకే వేశాక కాసేపు ఇక్కడే కూర్చోబెట్టి చూస్తారని, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఈ రక్షణ మరీ అవసరమని. ఆపా చెయ్యి చాచింది.

వేయించుకున్నాక బెంచీ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

"నాకు భయమైతుందని నీకు చెప్పిన సరళా," అంది ఆపా. "నీకు సిగ్గైతుందని నువ్వు నాకు చెప్పకపోతివి."



ఆపా లేచింది. "నడువు. నీ చెయ్యి సూసినోళ్ళ ఇండ్లన్ని తిరుగుదాం. నువ్వే చెప్తవు, నేను ఇంట."

తిరిగాం. కొందరు నవ్వారు, కొందరు తలుపు వేసుకుని నవ్వారు. ఒకావిడ నాలుగు తిట్టింది, తల వంచుకుని పడ్డాను. చివరి ఇల్లు పోశవ్వది. గల్లీలో అందరికంటే వయసులో పెద్దది, నా మాట విని బూస్టరు మానేసిన మనిషి. కథంతా గదుమ కింద చెయ్యి పెట్టుకుని వింది.

"అయితె టీకాతోని గాలే."

"కాలే పోశవ్వా. తప్పు నాదే."

"జీడి పెట్టినంక జ్వరం తగ్గిందా?"

"తగ్గింది గని, అది ఎట్లైనా..."

"గడ్డ కరిగిందా?"

"కరిగింది పోశవ్వా, గని అదేంటిదంటే..."

"మరి గా ముచ్చట ముందుగాల చెప్పద్దా! గింత మంచి మందు దాసిపెట్టుకుంటవా? రేపే టీకా ఏస్కుంట. మీ అవ్వను చందూర్ కెళ్ళి పిలిపియ్యి, నాకు గూడ జీడి పెడ్తది."

వెనకాల ఆపా ఆ రోజు మొదటిసారి నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది.

కాబట్టి పాఠక మహాశయులారా, వినండి. పోశవ్వ టీకా వేయించుకుని వచ్చిన దగ్గర్నుంచి ఆమె గుమ్మంలో, జీడి గింజతో దిగిన మా అవ్వకు అడ్డంగా కాపలా కూర్చున్న మనిషిగా, వంగిన తలతో ప్రమాణం చేస్తున్నాను: ఇకముందు నా ఒంటి మీద చిన్న దద్దురు లేచినా, పరువు సంగతి తర్వాత, కారణం ముందు చెబుతాను. అది కూడా వెనకున్నవాళ్ళకు వినిపించేంత గట్టిగా.