వేడెక్కకూడని గొట్టం

బళ్ళకు ప్రభుత్వం పెట్టే పొగ పరీక్ష దగ్గర పడినప్పుడల్లా అన్సెల్మో గరాజ్ అటక మీది చెక్కపెట్టె కిందికి దించుతాడు. పాత పికప్ ఇంజన్ నుంచి విప్పేసిన ముక్కలన్నీ అందులో గుడ్డల్లో చుట్టి ఉంటాయి. పరీక్షకు ముందు వాటిని బిగిస్తాడు, నెగ్గాక మళ్ళీ విప్పేస్తాడు. కాలిఫోర్నియాలోని మా లోయలో పాత బళ్ళున్న చాలా ఇళ్ళలో అలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడరు.

ఆ ముక్కల్లో ముఖ్యమైనది ఒక వాల్వ్. బయటికి పోయే పొగలో కొంత వెనక్కి తెచ్చి ఇంజన్‌కే తాగించడం దాని పని. "తిన్న కంచంలో చెయ్యి కడుక్కున్న నీళ్ళు తాగడమేరా అది. ప్రభుత్వం కోసం పెట్టిన ముక్క" అని డోనట్ కొట్టులో అన్సెల్మో అందరికీ చెప్పేవాడు. పోయిన శరదృతువులో పరీక్ష నెగ్గి వచ్చి, వాల్వ్ విప్పి, ఆ చోట బీరు డబ్బా కత్తిరించి రేకు మూత బిగించాడు. బండి హాయిగా నడిచింది.

వసంతం వచ్చేసరికి బండికి వణుకు పట్టుకుంది. రోడ్డు మీద వేగంగా పోతే బాగానే ఉండేది. ఆగిన చోట మాత్రం ఇంజన్ కుంటుతూ, తడబడుతూ, ఒక్కోసారి చప్పున ఆగిపోయేది. మామూలు రోజుల్లో అయితే అన్సెల్మో పట్టించుకునేవాడు కాదు. కానీ పవిత్రాత్మ పండుగ ముందుంది. పోర్చుగల్‌కు చెందిన అసోర్స్ దీవుల నుంచి వచ్చిన మా వాళ్ళకు అంతకన్నా పెద్ద పండుగ లేదు. రాణి వేషం వేసిన పిల్ల బరువైన వస్త్రం ఈడ్చుకుంటూ నడుస్తుంటే, వెనకాల పూలబండిని లాగేది ఎప్పుడూ అన్సెల్మో పికప్పే. హాలు నుంచి చర్చి దాకా మనిషి నడకతో పోవాలి. వస్త్రం సర్దడానికి ఆగిన ప్రతిచోటా ఆగాలి.

పండుగ కమిటీ పెద్ద ఇలారియో, అన్సెల్మో భార్య తమ్ముడు. అతను వచ్చి, ఇంజన్ తిరుగుతుండగా కాఫీ కప్పు బానెట్ మీద పెట్టి చూశాడు. కాఫీ ఒలికి అద్దం మీదికి చిందింది.

"బావా, దీనికి మలేరియా వచ్చినట్టుంది."

"నీ కాఫీ ఎక్కువ పోశావు."

"చర్చి ముందు ఆగిపోతే పూలబండిని మనమే తోసుకోవాలి. ఫ్రీతాస్ వాళ్ళ కొత్త బండి అడగమంటావా? పండుగ ముందు రోజు నేను కమిటీకి చెప్పాలి."

"అప్పటికి చెబుతాను" అన్నాడు అన్సెల్మో.

గాలి గొట్టాలన్నీ మార్చాడు. ఇంజన్ తిరుగుతుండగా అతుకుల దగ్గర కార్బ్యురేటర్ శుభ్రం చేసే ద్రవం చిమ్మాడు. ఎక్కడైనా గాలి కారుతుంటే అక్కడ ఇంజన్ శబ్దం మారుతుంది. మారలేదు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. ఒక్కొక్కటి చేసినప్పుడల్లా కొంచెం బాగైనట్టు అనిపించేది. మర్నాడు మళ్ళీ అదే వణుకు. తను విప్పిన చోటు వైపు మాత్రం అతని అనుమానం మళ్ళలేదు. అది తన చేతి పని.

వంటింట్లో భార్య నతేర్సియా, పండుగకు వండే సోపాస్ అనే పులుసు కోసం మాంసం నానబెడుతోంది.

"ఏమయ్యా, ఆ బండిలో ఇంకా విప్పనిది ఏదైనా మిగిలిందా?"

"చక్రాలు."

"జబ్బు పడ్డ ఆవుకైతే ముందు చెయ్యి వేసి చూసేవాడివి. దీనికి ఎందుకలా ఊరికే మందులు పోస్తావు?"

పాడి కొట్టంలో పాలు పితికి రిటైరైన మనిషి అన్సెల్మో. పొదుగు వాచిన ఆవు ఏదో చేతి వెనక వైపుతో పట్టేవాడు. పొదుగు నాలుగు భాగాలూ వరసగా తాకితే జబ్బు పడ్డది కొంచెం వేడిగా తగిలేది.

తెల్లారి ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండగా స్టార్ట్ చేశాడు. వెంటనే దిగి చేతి వెనక వైపు ఇంజన్ మీద ఆనించుకుంటూ పోయాడు. పొగ బయటికి పోయే గొట్టం అప్పుడే వేడెక్కుతోంది, అది మామూలే. గాలి లోపలికి వెళ్ళే వైపు చల్లగా ఉంది. బీరు డబ్బా రేకు దాటిన తర్వాత ఒక పొట్టి గొట్టం ఉంది. రేకు అడ్డంగా ఉండగా దానిలోకి ఏమీ రాకూడదు. చెయ్యి పెట్టి, వెంటనే తీశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. కాలుతోంది.

ఇంజన్ ఆపి రేకు విప్పాడు. మధ్యలో నల్లగా కాలిన చిన్న తూటు. ఆ తూటులోంచి ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్‌కు పొగ తాగిస్తూ ఉంది తన మూత. ఆగి ఉన్న ఇంజన్‌కు ఆ పొగ పడదు, అందుకే అప్పుడు వాల్వ్ అయితే తనే మూసుకుంటుంది. రేకు మూసుకోదు. అన్సెల్మో దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, తూటులోంచి వాకిట్లోని నిమ్మచెట్టును కాసేపు చూశాడు.

రేకు బదులు మందమైన ఉక్కు పలక కోసి మూత చెయ్యడానికి సమయం ఉంది. అయినా చెక్కపెట్టె దించాడు. వాల్వ్‌కు పట్టిన మసి గీకి, అతుకు దగ్గర కారకుండా కొత్త గాస్కెట్ వేసి బిగించాడు.

పండుగ ముందు రోజు ఇలారియో మళ్ళీ కప్పు పెట్టాడు. కాఫీ మీద సన్నటి అలలు మాత్రమే కనిపించాయి.

"ఏం చేశావు బావా?"

"విప్పింది పెట్టాను."

"ప్రభుత్వం ముక్కా? ఇప్పుడు పరీక్ష లేదుగా."

"లేదు."

"డోనట్ కొట్టులో ఏం చెబుతావు?"

"నువ్వే చెప్పు. నీ నోరు కొత్తది, ఇంకా అరగలేదు."

ఇలారియో నవ్వి కాఫీ తాగేశాడు. ఫ్రీతాస్ వాళ్ళకు ఫోన్ చెయ్యలేదు.

ఆదివారం చర్చి మలుపులో రాణి వస్త్రం రాయికి తట్టుకుంది. నలుగురు ఆడవాళ్ళు వంగి సర్దడం మొదలుపెట్టారు. బ్యాండు వాయించడం ఆపింది. అన్సెల్మో క్లచ్ నొక్కి పట్టుకుని కిటికీలోంచి తల బయట పెట్టి విన్నాడు. పక్కన నడుస్తున్న ఇలారియో, వణుకు ఉందేమోనని చెయ్యి బానెట్ మీద వేశాడు.

"అక్కడ కాదు. కొంచెం ఎడమకు, వాల్వ్ దాని కింద ఉంది" అన్నాడు అన్సెల్మో.

ఇలారియో చెయ్యి జరిపాడు. వణుకు తగల్లేదు. రాణి మళ్ళీ నడవసాగింది.