టెంటు మేకు దిగని జాగ

నిన్న జరిగింది చెప్త ఇనుండ్రి, మనూరి దోస్తులారా.

టెంటుల పండుకుందాం, నీళ్ల ఒడ్డుకు వండుకుందాం అని మా ఆమెను తోల్కొని అచ్చంపేట దిక్కు గుట్టల తొవ్వ పట్టి కృష్ణ ఒడ్డుకు పోయిన. ఎండకాలం గదా, డ్యాం నీళ్లు శానా ఎనుకకు పోయినయ్. తేలిన నేల మీద కారు ఆపి టెంటు ఏస్తుంటే మేకు దిగుతలేదు.

"నీ బలమంత నోట్లనే ఉన్నది" అన్నది మా ఆమె.

మన్ను గీకి చూస్తే రోలు! దాని అంచుకు మా నాయిన ఉలితోని చెక్కిన చేప. డ్యాం కట్టినంక మునిగిన మా ఇల్లు మల్ల కండ్ల చూస్త అనుకోలె.

ఊరు మునుగుతదని తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తినం, యాదుందా? రోలు భూమిల పాతి ఉండె, గాడనే ఇడిసిపెట్టినం. ఏంచిన పల్లీలు అండ్ల నూరుతుంటే వాడంత కమ్మటి వాసన!

అచ్చంపేటల ఉండే మా పెద్దక్కకు ఫోన్ చేసిన. "అక్కా, నేను మనింట్ల ఉన్న."

"మల్ల మొదలువెట్టినవారా నీ పరాష్కాలు?"

రోలు మీది చేప సంగతి చెప్పిన. అక్క అడిగింది: "రోలుకు పొద్దు పొడిసే దిక్కు ఏమున్నది?"

"నా కారు."

"అది దేవునర్ర రా, దీపం పెట్టే జాగ! తియ్యి ముందు. చెప్పులన్న ఇడిసినవా?"

ఇడిసిన. ఇంజన్ సప్పుడు చెయ్య మనసొప్పలె. మా ఆమె, నేను కలిసి కారును దేవునర్రల నుంచి మెల్లగ బయటికి తోసినం.