అసలు జోలికి వెళ్ళకు

మా పెదనాన్న ఎవరికి ఏమిచ్చినా వడ్డీతో సహా వసూలు చేసేవాడు. డబ్బు కాదు సుమా! డబ్బంటే ఆయనకు ఏమంత మోజు లేదు. గొడుగిస్తే వడ్డీ, దువ్వెనిస్తే వడ్డీ, దారిన పోయేవాడికి దారి చెప్పినా వడ్డీయే. వీధిలో అందరూ ఆయన్ని 'బారువడ్డీ' అనే పిలిచేవాళ్ళు. కోపం రాకపోగా, "చక్రవడ్డీ అనలేదు, సంతోషం! వడ్డీ మీద వడ్డీ వెయ్యడం మా ఇంటా వంటా లేదు," అని ఛాతీ విరుచుకునేవాడు.

ఆయనది అద్దె సైకిళ్ళ కొట్టు. గంటకింత అని లెక్కలు కట్టీ కట్టీ, లోకంలో ఏదైనా సరే కాలం పెట్టి గుణించాల్సిందేనని బుర్రలో నాటుకుపోయింది. కొట్టు గోడ నిండా సుద్దముక్కతో గీసిన అంకెలే. "అసలు, కాలం, రేటు. మూడూ గుణించి వందతో భాగించు. దీనికి బడికెళ్ళి చావాలా?" అని వచ్చినవాళ్ళనీ పోయినవాళ్ళనీ నిలేసేవాడు.

పక్కింట్లో రిటైరైన టీచరమ్మ ఉండేది. ఓసారి గ్లాసు పంచదార బదులు తీసుకుని వారం పోయాక తెచ్చిచ్చింది. పెదనాన్న గ్లాసు పైకెత్తి వెలుతురులో పరిశీలించాడు.

"అసలు సరిపోయింది. వడ్డీ ఏదమ్మా?"

"పంచదారకి వడ్డీ ఏంటండీ, విడ్డూరం కాకపోతే!"

"పంచదారకి కాదు, వారానికి. చెంచాడవుతుంది."

ఆవిడ విసవిసా ఇంట్లోకి పోయి చెంచాడు పంచదార తెచ్చి గ్లాసులో కుమ్మరించింది. ఆయన ఆ చెంచాడుతోనే టీ కలిపి ఆవిడ చేతికే ఇచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, ఒక్కరికీ పొద్దెలా పోతోందని అడిగాడు. ఇక చూస్కోండి, ఆవిడ దీపాలు పెట్టేదాకా చెబుతూనే ఉంది.

సెలూన్ అతనితో మాత్రం పప్పులుడకలేదు. ఓ ఆదివారం అతను పెదనాన్నని అరగంట కూర్చోబెట్టాడు.

"నా అరగంట నీ దగ్గరుండిపోయింది. వడ్డీ కింద మీసం కత్తిరించు," అన్నాడు పెదనాన్న.

అతను ఒకవైపు మీసం చక్కగా కత్తిరించి దులిపేశాడు.

"రెండోవైపో?"

"వడ్డీ ఇంతే అయిందండీ. మిగతాదానికి డబ్బులవుతాయి."

పెదనాన్న డబ్బులివ్వలేదు. ఒకవైపే కత్తిరించిన మీసంతో వీధంతా తిరిగి, "లెక్క తెలిసినవాడంటే వాడూ!" అని అతన్ని మెచ్చుకున్నాడు.

ఇక మా నాన్న ఆయనకి ఒక్కగానొక్క తమ్ముడు. ఎప్పుడో పట్టుకెళ్ళిన రెంచీని తిరిగిస్తానంటే పెదనాన్న పుచ్చుకునేవాడు కాదు. "అసలు నీ దగ్గరే ఉండనీరా. ఆదివారం వడ్డీకి రా," అనేవాడు. వడ్డీ అంటే పేకాట. "మా అన్నయ్య అసలు తీసుకోడు, నాకు మోక్షం లేదు," అని నాన్న నవ్వుకుంటూ వెళ్ళేవాడు.

ఆ నాన్న ఓ పొద్దున ఆఫీసుకి బయలుదేరుతూ చెప్పులేసుకుంటూనే కుప్పకూలిపోయాడు. అంతే. దాని గురించి ఇంతకంటే రాయడం నావల్ల కాదు.

అమ్మ గదిలోంచి బయటికి రావడం మానేసింది. నాన్న పనిచేసిన సహకార సంఘం వాళ్ళు ఆ ఉద్యోగం అమ్మకిస్తామన్నారు. కాకపోతే లెక్కల పరీక్ష పాసవ్వాలి. లేకపోతే ఉద్యోగమూ లేదు, సంఘం వాళ్ళిచ్చిన ఇల్లూ ఖాళీ చెయ్యాలి. అమ్మ ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పెదనాన్న వచ్చి, సైకిళ్ళకి గాలికొట్టే పంపు ఒకటి అమ్మ గది గుమ్మంలో పెట్టాడు.

"ఇదెందుకు బావగారూ? మా ఇంట్లో సైకిలే లేదు."

"లేకపోతే నాకేం? అప్పు అప్పే. సాయంత్రం కొట్టుకొచ్చి వడ్డీ కట్టు."

"నాకొద్దు, తీసుకెళ్ళిపోండి."

"అసలు నేను తీసుకోను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మనిషి పోయి మేమేడుస్తుంటే ఈయనకి వడ్డీ గోల! సాయంత్రం అమ్మ ఆ పంపు ఆయన మొహాన పారేసి రావడానికే లేచి, జుట్టు ముడేసుకుని, చెప్పులేసుకుంది. నాన్న పోయాక అమ్మ వీధి ముఖం చూడ్డం అదే మొదటిసారి. నేనూ వెనకాల పరిగెత్తాను.

పెదనాన్న పంపు వైపు చూడనైనా చూడలేదు. సుద్దముక్క అమ్మ చేతిలో పెట్టాడు.

"వడ్డీ కింద ఓ లెక్క చెయ్యి. వెయ్యి అసలు, నూటికి పది, మూడేళ్ళు. బారు వడ్డీ ఎంత?"

అమ్మ విసుగ్గా గోడ మీద చేసింది. మూడు వందల ముప్పై ఒకటి.

"మూడొందలే రావాలి. ఈ ముప్పై ఒకటి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావమ్మా?"

"మొదటేడు వడ్డీని అసల్లో కలిపి, దానిమీద రెండో ఏడుది కట్టాను. అది ఉంది కదండీ, ఎక్కడికి పోతుంది?"

"కలపకూడదు. అసలు జోలికి వెళ్ళకు!"

అప్పట్నుంచీ రోజూ అదే పాట. ఆయన పంపు తీసుకోడు, అమ్మకి లెక్క రాదు. అంకెలు మార్చినా సరే, అమ్మ చేతిలో సుద్దముక్క పడితే అప్పు పెరిగి కూర్చునేది. "నిన్ను పెట్టుకుంటే సంఘం బాగుపడుతుంది, ఊరు మునిగిపోతుంది!" అని పెదనాన్న నెత్తి కొట్టుకునేవాడు.

పరీక్ష ముంచుకొచ్చింది. ఆ సాయంత్రం కూడా లెక్క తప్పింది. అమ్మ సుద్దముక్క విసిరికొట్టి బల్ల మీద కూలబడింది.

"నావల్ల కాదు బావగారూ. నాకన్నీ కలిసిపోతున్నాయి. నిన్నటి ఏడుపు ఇవాళ్టిదాంట్లో కలుస్తోంది. పిల్ల ముందు ఏడ్చానని మళ్ళీ ఏడుస్తాను. ఇది పెరుగుతోందే గానీ తరగట్లేదు. ఎలా మొయ్యను నేను?"

పెదనాన్నకి ఓదార్చడం చేతకాదు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత అరచేత్తో గోడంతా తుడిచేసి, మధ్యలో వెయ్యి అని వేశాడు.

"ఇది వాడు లేని బాధ," అన్నాడు. "ఇది తరగదమ్మా, నీకు అబద్ధం చెప్పను. కానీ పెరగదు కూడా. ఇవాళ్టి ఏడుపు ఇవాళ ఏడ్చేశావా, అది తీరిపోయింది. దాన్ని తెచ్చి ఇందులో కలపకు. రేపు మళ్ళీ ఈ వెయ్యి మీదే."

"మీకెలా తెలుసు?"

"నేనూ కడుతున్నాగా. కొట్టు కట్టేశాక."

ఆయన ఏడవగా నేనెన్నడూ చూడలేదు. అమ్మ ఆ వెయ్యి వంక చాలాసేపు చూసింది. లేచి, సుద్దముక్క వెతుక్కుని, దాని పక్కన వంద, వంద, వంద అని వేసి గీత గీసింది. కింద మూడు వందలు.

అమ్మ పరీక్ష పాసయింది. "పంపు ఎందుకిచ్చారనుకున్నావే?" అంది ఆ రోజు నాతో. "తిట్టడానికైనా నేను గడప దాటాలని."

ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం అమ్మ ఇంటికి రాకుండా నేరుగా కొట్టుకే వెళ్ళింది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి బల్ల మీద కూర్చుని ఉంది.

"ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టారు బావగారూ," అంటోంది.

పెదనాన్న షట్టరు సగం దించాడు. నేను బయటే నిలబడిపోయాను. లోపల ఇద్దరూ ఏడుస్తున్నారు. అమ్మది సన్నగా, పెదనాన్నది గాలి దిగిపోతున్న ట్యూబులాగా. నా కళ్ళూ కారిపోతున్నాయి.

కాసేపటికి అమ్మ ముక్కు చీదుకుంది. "నాది అయిపోయింది. పదండి, టీ తాగుదాం."

"ఉండమ్మా, నాది ఇంకా కాస్త ఉంది," అన్నాడు పెదనాన్న వెక్కుతూ.

అమ్మకి నవ్వాగలేదు. ఏడ్చిన గొంతుతోనే పకపకా నవ్వేసింది.

"నవ్వకు," కసురుకున్నాడు పెదనాన్న. "లెక్క తప్పుతుంది."